బిల్ బెర్న్‌బాక్: ప్రకటనల తీరు మార్చిన మనిషి

20వ శతాబ్దపు అమెరికన్ ప్రకటనల రంగంలో అందరికంటే ఎక్కువ ప్రభావం చూపిన వ్యక్తి ఎవరని ఆ రంగంలోని వాళ్ళను అడిగితే చాలామంది నోట వచ్చే పేరు విలియం బెర్న్‌బాక్. ఆత్మీయులకు బిల్. 1911 ఆగస్టు 13న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. 1949లో మరో ఇద్దరితో కలిసి డాయిల్ డేన్ బెర్న్‌బాక్ అనే యాడ్ ఏజెన్సీ పెట్టారు. 1982లో కన్నుమూసేదాకా ఆ సంస్థతోనే ఉన్నారు. ఆయన పేరు మీద చెప్పుకునే ప్రసిద్ధ ప్రకటనల్లో చాలావాటిని స్వయంగా రాసింది ఆయన కాదు. వాటిని రాయగల మనుషులను వెతికి పట్టుకుని, వాళ్ళు పనిచేసే పద్ధతిని మార్చి, బయటి ఒత్తిడి వాళ్ళ మీద పడకుండా కాపాడడమే ఆయన చేసిన పని. ఆ పని విలువ తెలియాలంటే ఆయన అడుగుపెట్టేనాటికి ఆ వృత్తి ఎలా ఉండేదో ముందు చూడాలి.

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అమెరికాలో ఫ్యాక్టరీలు ట్యాంకులు, విమానాలు మానేసి ఫ్రిజ్‌లు, కార్లు, సబ్బులు, సిగరెట్ల తయారీ మీద పడ్డాయి. సరుకు రాశులుగా వస్తోంది, దాన్ని కొనిపించాలి. న్యూయార్క్‌లో మ్యాడిసన్ అవెన్యూ వెంట ఉన్న పెద్ద ఏజెన్సీలకు చేతినిండా పని. అయితే ఆ పని ఒక మూసలో సాగేది. ప్రకటన అనేది శాస్త్రం, కొలిచి చూసి రాయాలి అన్న వాదం క్లాడ్ హాప్కిన్స్ 1923లో రాసిన పుస్తకం నాటినుంచీ బలపడుతూ వచ్చింది. టెడ్ బేట్స్ ఏజెన్సీలో రోసర్ రీవ్స్ దాన్ని ఇంకా ముందుకు తీసుకుపోయారు. సరుకుకు ఒక్క ప్రత్యేక గుణం ఎంచుకోవాలి, దాన్నే జనం చెవుల్లో ఇల్లు కట్టుకుని చెబుతూ పోవాలి. చూసేవాడికి నచ్చిందా, విసుగెత్తిందా అన్నది ఆయనకు ముఖ్యం కాదు, గుర్తుంటే చాలు. తలనొప్పి మాత్ర అనాసిన్ కోసం ఆయన తీయించిన టీవీ ప్రకటనలో తలలోపల సుత్తి దెబ్బలు పడుతూనే ఉంటాయి. జనం ఆ ప్రకటనను తిట్టుకున్నారు, మాత్రలు మాత్రం కొన్నారు. కాబట్టి రీవ్స్ పద్ధతి పనిచేయలేదని ఎవరూ అనలేరు. పాఠకుడిని, ప్రేక్షకుడిని బుద్ధి ఉన్న మనిషిగా ఆ పద్ధతి చూడలేదు, అదీ దాని లోపం.

బెర్న్‌బాక్ 1932లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకున్నారు. చదివింది ప్రధానంగా ఆంగ్ల సాహిత్యం. అది ఆర్థిక మాంద్యం ముదిరిన కాలం, ఉద్యోగాలు లేవు. మరుసటి ఏడాది షెన్లీ అనే మద్యం కంపెనీలో ఉత్తరాలు వేరుచేసి పంచే గదిలో పని దొరికింది. అక్కడ ఉండగానే కంపెనీ విస్కీ ఒకదానికి ఎవరూ అడగకుండానే ఒక ప్రకటన రాసి ప్రకటనల విభాగానికి పంపారనీ, అది పత్రికలో అచ్చయిందనీ, రాసిందెవరో తెలియక కంపెనీవాళ్ళు ఆరా తీస్తే ఈ కుర్రవాడని తేలిందనీ ఆయన గురించి రాసినవాళ్ళు చెబుతారు. ఆ తర్వాత ఆయన స్థానం ప్రకటనల విభాగంలోకి మారింది.

1939లో న్యూయార్క్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు దాని అధ్యక్షుడు గ్రోవర్ వేలన్‌కు ఉపన్యాసాలు రాసిపెట్టే పని చేశారు. మరొకరి గొంతుతో, ఆ మనిషే మాట్లాడుతున్నట్టు నమ్మకంగా రాయడం అక్కడ అలవడింది. ప్రకటన రచయితకు ముందుగా కావలసిన విద్య అదే. ప్రదర్శన ముగిశాక విలియం వైన్‌ట్రాబ్ ఏజెన్సీలో చేరారు. ఆయన జీవితంలో అసలు మలుపు అక్కడ వచ్చింది.

ఆ ఏజెన్సీలో ఆర్ట్ డైరెక్టర్ పాల్ రాండ్. అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండని కుర్రవాడు. యూరప్‌లోని ఆధునిక చిత్రకళ, అక్షరశిల్పం ఒంటబట్టించుకున్నవాడు. తర్వాతి కాలంలో ఐబీఎం వంటి కంపెనీల లోగోలు రూపొందించి ప్రపంచ ప్రసిద్ధుడయ్యారు. ఆనాటి ఏజెన్సీల్లో ప్రకటన తయారయ్యే తీరు వేరు. కాపీరైటర్ తన గదిలో కూర్చుని హెడ్‌లైన్, కింది వాక్యాలు టైపు చేసేవాడు. ఆ కాగితం ఆర్ట్ విభాగానికి పోయేది. అక్కడి చిత్రకారుడు దానికి తగ్గ బొమ్మ వేసి, లేఅవుట్ అమర్చేవాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ప్రకటన పూర్తయ్యేది. మాట యజమాని, బొమ్మ నౌకరు అన్నమాట. రాండ్ అలాంటి ఏర్పాటుకు లొంగే మనిషి కాదు. ఆయనతో కలిసి పనిచేస్తున్నప్పుడు, మధ్యాహ్నం వేళల్లో మ్యూజియాలు, ఆర్ట్ గ్యాలరీలు తిరుగుతూ మాట్లాడుకుంటున్నప్పుడు బెర్న్‌బాక్‌కు ఒక సంగతి తట్టింది. బొమ్మ సగం చెబితే మాట మిగతా సగం చెప్పాలి. రెండూ ఒకే విషయాన్ని రెండుసార్లు చెబితే దండగ. అలా కుదరాలంటే రాసేవాడు, గీసేవాడు మొదటినుంచీ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

యుద్ధకాలంలో కొద్దిరోజులు సైన్యంలో, ఆ తర్వాత కోటీ అనే సౌందర్య సాధనాల కంపెనీలో పనిచేసి, 1945లో గ్రే అడ్వర్టైజింగ్‌లో చేరారు. రెండేళ్ళు తిరిగేసరికి వైస్ ప్రెసిడెంట్. రచన, చిత్రం రెండు విభాగాలూ ఆయన చేతికిందికి వచ్చాయి. ఏజెన్సీ త్వరత్వరగా పెరుగుతోంది. ఆ పెరుగుదల ఆయనను భయపెట్టింది. 1947 మే 15న తన పైవాళ్ళకు ఒక ఉత్తరం రాశారు. ప్రకటనల చరిత్రలో ఇంతగా పేరుపడ్డ ఆఫీసు ఉత్తరం ఇంకొకటి లేదేమో. పెద్దవాళ్ళమైపోయామన్న తృప్తిలో పడి మనం మూసకు బానిసలవుతామేమోనని దాని సారాంశం. ప్రకటనల లెక్కలు, సూత్రాలు అన్నీ నేర్చిన నిపుణులు బోలెడంతమంది ఉన్నారు. వాళ్ళతో వచ్చే చిక్కల్లా ఒక్కటే: అందరూ ఒకే సూత్రాలు పాటిస్తారు కాబట్టి అందరి ప్రకటనలూ ఒకేలా ఉంటాయి. ప్రకటన ప్రధానంగా ఒప్పించడం, ఒప్పించడం శాస్త్రం కాదు, కళ అని ఆయన వాదన. కొత్త ప్రతిభను తెచ్చుకుందాం, మన ముద్ర మనమే వేద్దాం అని వేడుకున్నారు. గ్రేలో ఆ ఉత్తరానికి ఆశించినంత స్పందన రాలేదు.

రెండేళ్ళ తర్వాత, 1949 జూన్ 1న, బెర్న్‌బాక్ సొంత ఏజెన్సీ తెరిచారు. భాగస్వాములు ఇద్దరు. నెడ్ డాయిల్ గ్రేలోనే సహోద్యోగి, క్లయింట్లతో మాట్లాడి పని తేవడంలో దిట్ట. మ్యాక్స్‌వెల్ డేన్ అప్పటికే ఒక చిన్న ఏజెన్సీ నడుపుతున్న మనిషి, జమాఖర్చులు, పాలన ఆయన చూసుకున్నారు. సంస్థకు ముగ్గురి ఇంటిపేర్లూ వరుసగా పెట్టారు, మధ్యలో కామాలు లేకుండా. తమ మధ్యకు ఏదీ, ఆఖరికి విరామచిహ్నం కూడా రాకూడదని అలా చేశామని చెప్పుకున్నారు. గ్రే నుంచి రచయిత్రి ఫిలిస్ రాబిన్సన్, ఆర్ట్ డైరెక్టర్ బాబ్ గేజ్ వాళ్ళ వెంట వచ్చారు. మొదటి ఏడాది ఏజెన్సీ బిల్లింగ్, అంటే క్లయింట్ల తరఫున చూసిన ప్రకటనల ఖర్చు, సుమారు 5 లక్షల డాలర్లు. మ్యాడిసన్ అవెన్యూ లెక్కల్లో అది చిల్లర.

ఆ డబ్బులో ముఖ్యభాగం ఓర్‌బాక్స్ అనే దుస్తుల దుకాణానిది. యజమాని నేథన్ ఓర్‌బాక్ గ్రేలో ఉన్నప్పటినుంచీ బెర్న్‌బాక్ పనితనం ఎరిగినవాడు. ఆయనే వెన్నుతట్టి సొంతంగా పెట్టుకోమన్నారు. తక్కువ లాభానికి మంచి బట్టలు అమ్మే దుకాణమది. ధరలు పెద్ద అక్షరాల్లో వేసి ఊదరగొట్టడం అప్పటి రివాజు. ఏజెన్సీ అందుకు భిన్నంగా ఆ దుకాణానికి ఒక చమత్కారమైన గొంతు ఇచ్చింది. 1958లో వచ్చిన ఒక ప్రకటనలో ఆడవాళ్ళ టోపీ పెట్టుకుని, సిగరెట్ గొట్టం నోట కరచుకున్న పిల్లి ముఖం కనిపిస్తుంది. ఆ పిల్లి తన స్నేహితురాలు జోన్ గుట్టు రట్టు చేస్తుంటుంది: అంత ఖరీదైన బట్టలు ఎలా కొంటుందా అనుకున్నాను, ఓర్‌బాక్స్‌లో కొంటుందట! చదివినవాళ్ళకు నవ్వు వస్తుంది, చెప్పదలచిన విషయమూ అందుతుంది. అదే దుకాణానికి అంతకుముందు వచ్చిన మరో ప్రకటనలో ఒక మగవాడు భార్యను అట్టబొమ్మలా చంకలో పెట్టుకుని వెళుతుంటాడు. పాత భార్యను తెచ్చి ఇస్తే కొన్ని డాలర్లకే కొత్త స్త్రీని ఇస్తామని హెడ్‌లైన్. అప్పట్లో దాన్ని అందరూ మెచ్చుకున్నారు. ఇవాళ చూస్తే ఎబ్బెట్టుగానే ఉంటుంది. పాఠకుల తెలివిని గౌరవించిన ఏజెన్సీ కూడా తన కాలపు దృష్టిని పూర్తిగా దాటలేకపోయింది.

ఆఫీసులో బెర్న్‌బాక్ తెచ్చిన మార్పు పైకి చిన్నదిగా కనిపిస్తుంది. ప్రతి పనికీ ఒక కాపీరైటర్‌ను, ఒక ఆర్ట్ డైరెక్టర్‌ను జంటగా వేశారు. ఇద్దరూ ఒకే గదిలో తలుపు వేసుకుని కూర్చుని మాట్లాడుకోవాలి. బొమ్మ ఆలోచన రచయితకు రావచ్చు, హెడ్‌లైన్ చిత్రకారుడికి తట్టవచ్చు. ఎవరిది ఏదన్న పట్టింపు లేదు. సిద్ధమైనది తెచ్చి బెర్న్‌బాక్‌కు చూపిస్తారు. ఆయన ఒప్పుకున్నదే బయటికి పోతుంది. ఆయన చూసే చూపుకు పెద్దపెద్ద రచయితలు కూడా వణికేవాళ్ళని ఆ ఏజెన్సీలో పనిచేసినవాళ్ళు చెప్పుకున్నారు. ఒక వాక్యం తీసేయమంటారు, లేదా పేజీ అడుగున ఎక్కడో దాగున్న ఒక పంక్తిని హెడ్‌లైన్ చేయమంటారు, ప్రకటన లేచి నిలబడుతుంది. ఆయన ప్రతిభ ఎక్కువగా ఈ ఎంపికలోనే ఉంది. ప్రకటన ఒకసారి తుదిరూపం దాల్చాక క్లయింట్ వచ్చి ఇక్కడ మాట మార్చండి, అక్కడ లోగో పెంచండి అంటే అంత తేలిగ్గా ఒప్పుకునేవారు కాదు.

ఆ ఏజెన్సీ తలుపులు ఎవరికి తెరుచుకున్నాయన్నదీ గమనించాలి. అప్పటి పెద్ద ఏజెన్సీల్లో పేరున్న కాలేజీల్లో చదివిన, పాత ప్రొటెస్టెంట్ కుటుంబాల మగవాళ్ళదే రాజ్యం. బెర్న్‌బాక్ దగ్గర బ్రూక్లిన్, బ్రాంక్స్ వీధుల్లో పెరిగిన యూదు, ఇటాలియన్, గ్రీకు కుటుంబాల పిల్లలు చేరారు. రచయితల విభాగానికి అధిపతి ఫిలిస్ రాబిన్సన్. పౌలా గ్రీన్, జూడీ ప్రోటాస్, మేరీ వెల్స్ వంటి స్త్రీలు అక్కడ పేరు తెచ్చుకున్నారు. వీధి భాష, వీధి హాస్యం వాళ్ళతోపాటే ప్రకటనల్లోకి వచ్చాయి.

బ్రూక్లిన్‌లోని లెవీస్ బేకరీకి చేసిన పోస్టర్లు అందుకు సాక్ష్యం. లెవీస్ తయారుచేసే రై రొట్టె యూదుల వంటకంగా పేరుపడింది. మిగతావాళ్ళు దాని జోలికి వచ్చేవాళ్ళు కాదు. 1961లో మొదలైన పోస్టర్లలో జూడీ ప్రోటాస్ రాసిన ఒకే మాట ఉంటుంది: లెవీస్‌ను ఇష్టపడడానికి యూదులే కానక్కరలేదు. బొమ్మలో ఒక్కో పోస్టర్‌కు ఒక్కో మనిషి. ఒకదాంట్లో అమెరికా ఆదివాసి, మరొకదాంట్లో నల్లజాతి పిల్లవాడు, ఇంకొకదాంట్లో చైనీయుడు, ఐరిష్ పోలీసు. అందరి చేతిలోనూ అదే రొట్టె. న్యూయార్క్ సబ్‌వే స్టేషన్ల గోడలమీద ఇవి వెలిశాయి. ప్రకటనల్లో తెల్లవాళ్ళ ముఖాలు తప్ప కనిపించని రోజుల్లో ఇది మామూలు విషయం కాదు. నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ ఆ పోస్టర్లలో ఒకదాని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు.

ఇజ్రాయెల్ విమాన సంస్థ ఎల్ ఆల్‌కు 1957లో చేసిన పత్రికా ప్రకటన మరో మంచి ఉదాహరణ. విమాన సంస్థలు తమ ప్రకటనల్లో సముద్రాన్ని చూపించడానికి జంకేవి, ప్రయాణికులు భయపడతారని. ఎల్ ఆల్ ప్రకటనలో పేజీనిండా సముద్రమే. కుడివైపు అంచు మాత్రం కాగితం చించినట్టు చిరిగి ఉంటుంది. డిసెంబర్ 23 నుంచి అట్లాంటిక్ మహాసముద్రం 20 శాతం చిన్నదవుతుందని హెడ్‌లైన్. కొత్తగా తెచ్చిన బ్రిటానియా విమానాలు ప్రయాణకాలాన్ని ఎంత తగ్గిస్తాయో ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం. బొమ్మ లేకుండా ఆ మాట అర్థం కాదు, మాట లేకుండా ఆ బొమ్మా అర్థం కాదు. పాల్ రాండ్ దగ్గర నేర్చిన పాఠం ఇక్కడ పూర్తిగా పండింది.

ఇక ఫోక్స్‌వాగన్ బీటిల్. బెర్న్‌బాక్ పేరు దేశాలు దాటింది ఈ కారు వల్లనే. హిట్లర్ పాలనలో, ఫెర్డినాండ్ పోర్షే రూపకల్పనలో, సామాన్య జర్మన్ కుటుంబం కోసమని పుట్టిన కారది. యుద్ధానంతరం వోల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో మళ్ళీ ఉత్పత్తి మొదలైంది. 1949లో అమెరికాలో అమ్ముడుపోయినవి రెండే రెండు. నోటి మాటమీద, మంచి సర్వీసుమీద క్రమంగా గిరాకీ పెరిగి, 1959 నాటికి ఏడాదికి లక్షకు పైగా అమ్ముడవుతోంది. ప్రకటనలే ఆ కారును నిలబెట్టాయన్న మాట తరచూ వినిపిస్తుంది కానీ అది పూర్తిగా నిజం కాదు. డెట్రాయిట్ కంపెనీలు కూడా చిన్న కార్లు దించడానికి సిద్ధమవుతున్నాయని తెలిసి, ముందుజాగ్రత్తగా జాతీయస్థాయిలో ప్రకటనలు ఇవ్వాలని ఫోక్స్‌వాగన్ అమెరికా అధిపతి కార్ల్ హాన్ నిర్ణయించారు. ఎన్నో ఏజెన్సీలు చూసి చివరికి డాయిల్ డేన్ బెర్న్‌బాక్‌ను ఎంచుకున్నారు.

యుద్ధం ముగిసి పద్నాలుగేళ్ళే. యూదులు ఎక్కువగా ఉన్న ఏజెన్సీ నాజీల కాలంలో పుట్టిన కారును అమ్మడం సంస్థ లోపలే కొందరికి మింగుడుపడలేదు. అయినా ఒప్పుకున్నారు. పని మొదలుపెట్టేముందు ఏజెన్సీ మనుషులు వోల్ఫ్స్‌బర్గ్ వెళ్ళి ఫ్యాక్టరీలో తిరిగారు. ఇంజినీర్లతో, కార్మికులతో మాట్లాడారు. ప్రతి భాగాన్నీ ఎన్నిసార్లు తనిఖీ చేస్తారో చూశారు. ఇది నిజాయితీగా తయారైన కారు, అదే చెబుదాం అన్న నిశ్చయంతో తిరిగివచ్చారు.

ఆనాటి అమెరికన్ కారు ప్రకటన ఒక కల. రంగురంగుల చిత్రం, ఉన్నదానికంటే పొడవుగా గీసిన కారు, వెనుక రాజభవనం లాంటి ఇల్లు, పక్కన నగలు వేసుకున్న దంపతులు. కాపీరైటర్ జూలియన్ కోనిగ్, ఆర్ట్ డైరెక్టర్ హెల్మట్ క్రోన్ తయారుచేసిన ప్రకటనలో ఇవేవీ లేవు. నలుపు తెలుపుల పేజీ. దాదాపు అంతా ఖాళీ. పైన ఒక మూల చిన్న కారు. కింద రెండు మాటలు: థింక్ స్మాల్. అంటే చిన్నగా ఆలోచించమని. ఏదైనా భారీగా ఉండాలని ఉవ్విళ్ళూరే దేశానికి చెప్పిన మాట అది. ఆ కింద మామూలు సంభాషణ ధోరణిలో చిన్నచిన్న వాక్యాలు. గాలన్‌కు 32 మైళ్ళు వస్తుంది, టైర్లు 40,000 మైళ్ళు మన్నుతాయి, ఇంజిన్‌కు యాంటీఫ్రీజ్ అవసరం లేదు. చివరికి ఇరుకు స్థలంలో పార్కింగ్ చేసేటప్పుడో, బీమా కట్టేటప్పుడో ఈ చిన్నతనం విలువ తెలుస్తుందని ముగింపు.

1960లో వచ్చిన మరో ప్రకటనకు ఒకే మాట హెడ్‌లైన్: లెమన్. అమెరికాలో తయారీ లోపమున్న పనికిమాలిన బండిని అలా పిలుస్తారు. తన కారు ఫోటో కిందే ఏ కంపెనీ అయినా ఆ మాట వేసుకుంటుందా? కింద చదివితే అసలు సంగతి తెలుస్తుంది. ఫోటోలోని కారులో డ్యాష్‌బోర్డు అరమీద క్రోమ్ పట్టీకి చిన్న మచ్చ ఉంది, మామూలు కంటికి కనిపించదు. తనిఖీదారు పట్టుకుని కారును వెనక్కి పంపేశాడు. వోల్ఫ్స్‌బర్గ్‌లో తనిఖీ చేయడమే పనిగా 3,389 మంది ఉన్నారు, రోజూ తయారయ్యే కార్ల కంటే తనిఖీదారులే ఎక్కువ. లోపాన్ని ఒప్పుకుంటున్నట్టు మొదలుపెట్టి నాణ్యతకు రుజువు చూపించడం ఈ ప్రకటన చేసిన పని. తర్వాత టీవీలో వచ్చిన ఒక ప్రకటనలో తెల్లవారుజామున మంచు కప్పిన దారిలో ఒక బీటిల్ కారు సాగిపోతుంది. మంచు తొలగించే యంత్రం నడిపే మనిషి ఆ యంత్రం దాకా దేంట్లో వెళతాడో ఆలోచించారా అని అడుగుతుంది. అంతే, ఇంకేమీ చెప్పదు.

బీటిల్ అమ్మకాలు పెరుగుతూ పోయి 1968లో అమెరికాలో 4 లక్షలు దాటాయి. అయితే ఒక్క మాట చెప్పుకోవాలి. వికారంగా ఉంటుందని, చిన్నదని, ఏళ్ళు గడిచినా రూపం మారదని, ఇలా కారు లోపాలన్నీ ఒప్పుకున్న ఆ ప్రకటనలు దాని పుట్టుకను మాత్రం ఎక్కడా ప్రస్తావించలేదు. యుద్ధకాలంలో ఆ ఫ్యాక్టరీలో బలవంతపు చాకిరీ చేసిన వేలమంది ఊసు లేదు. చెప్పిందంతా నిజమే. కానీ ఏ నిజం చెప్పాలో ఎంచుకున్నది అమ్మేవాళ్ళు. నిజాయితీ ప్రకటనకు కూడా ఆ హద్దు ఉంటుంది.

ఏవిస్ కథ కూడా ఒప్పుకోలు కథే, ఇక్కడ లెక్కలు ఇంకా స్పష్టం. కార్లు అద్దెకిచ్చే వ్యాపారంలో హెర్ట్జ్ చాలా ముందు, ఏవిస్ ఎంతో వెనుక. 13 ఏళ్ళుగా లాభం ముఖం చూడలేదు. 1962లో రాబర్ట్ టౌన్‌సెండ్ ఏవిస్ అధిపతిగా వచ్చి బెర్న్‌బాక్ దగ్గరికి వెళ్ళారు. మీ వ్యాపారం తెలుసుకోవడానికి మాకు 90 రోజులు కావాలి, మేము రాసింది మార్చకుండా వేయాలి అని బెర్న్‌బాక్ షరతు. టౌన్‌సెండ్ ఒప్పుకున్నారు. వెతకగా వెతకగా ఏజెన్సీకి దొరికిన నిజం ఒక్కటే: ఏవిస్ రెండో స్థానంలో ఉంది, అక్కడివాళ్ళు ఎక్కువ కష్టపడుతున్నారు. పౌలా గ్రీన్ దాన్నే రాశారు. మేము రెండో స్థానంలోనే ఉన్నాం, మరి మా దగ్గరికి ఎందుకు రావాలి? మేము ఎక్కువ కష్టపడతాం కాబట్టి. ఇంకా, మా కౌంటర్ దగ్గర క్యూ చిన్నది! ముందుగా కొందరికి చూపించి అడిగితే సగంమందికి నచ్చలేదని తేలింది. మిగతా సగం చాలుగా అని బెర్న్‌బాక్ ముందుకు పోయారు. ఒక్క ఏడాదిలో 32 లక్షల డాలర్ల నష్టం 12 లక్షల డాలర్ల లాభంగా మారింది. ఎక్కువ కష్టపడతామన్న ఆ నినాదాన్ని ఏవిస్ 2012 దాకా, యాభై ఏళ్ళపాటు వాడుకుంది. చెప్పిన మాట నిలబెట్టుకోవలసిన భారం కౌంటర్ దగ్గర నిలబడే ఉద్యోగుల మీద పడింది. ప్రకటన ప్రభావం కొనేవాళ్ళ మీదనే కాదు, అమ్మేవాళ్ళ మీద కూడా ఉంటుందని ఏవిస్ ఉదంతం చూపించింది.

1964 అధ్యక్ష ఎన్నికల్లో లిండన్ జాన్సన్ ప్రచారం ఏజెన్సీ చేతికి వచ్చింది. ఫోక్స్‌వాగన్ ప్రకటనలు అంతకుముందు జాన్ కెనడీకి నచ్చడమే అందుకు దారితీసిందంటారు. సెప్టెంబర్ 7 రాత్రి ఎన్‌బీసీ చానెల్‌లో సినిమా మధ్య ఒక నిమిషం ప్రకటన వచ్చింది. ఒక చిన్నపాప పువ్వు రేకులు తుంచుతూ తప్పుతడకగా అంకెలు లెక్కపెడుతుంది. తొమ్మిది దగ్గరికి వచ్చేసరికి ఒక మగగొంతు వెనక్కి లెక్కించడం మొదలుపెడుతుంది. పాప కంటిపాపలోకి కెమెరా వెళుతుంది, అణుబాంబు పేలుతుంది. ప్రత్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్ పేరు ఎక్కడా వినపడదు. ఆయన అణ్వాయుధాల గురించి అన్న మాటలు అప్పటికే జనం మనసులో ఉన్నాయి కాబట్టి చెప్పనక్కరలేకపోయింది. శబ్ద రూపకర్త టోనీ ష్వార్జ్ పాత్ర ఇందులో చాలా ఉంది. డబ్బు కట్టి వేసింది ఒక్కసారే. మర్నాటినుంచి వార్తా కార్యక్రమాలే దాన్ని పదేపదే చూపించాయి. జాన్సన్ 61 శాతం ఓట్లతో గెలిచారు. ఆ ప్రకటన లేకపోయినా గెలిచేవారన్నది చరిత్రకారుల్లో చాలామంది అభిప్రాయం. పనితనంలో దానికి వంక పెట్టలేం కానీ, ఫోక్స్‌వాగన్ ప్రకటన పాఠకుడి వివేచనను తట్టిలేపితే ఇది ప్రేక్షకుడి భయాన్ని తట్టింది. ఇవాళ్టి ఎన్నికల ప్రచారాల్లో కనిపించే భయపెట్టే వీడియోలకు మూలం అక్కడే ఉంది. ఏజెన్సీకి దాని ఫలితం ఇంకోరకంగానూ తగిలింది. తర్వాత అధ్యక్షుడైన రిచర్డ్ నిక్సన్ మనుషులు రాసుకున్న రాజకీయ శత్రువుల జాబితాలో మ్యాక్స్‌వెల్ డేన్ పేరు కూడా బయటపడింది.

అదే 1964లో డాయిల్ డేన్ బెర్న్‌బాక్ షేర్లు మార్కెట్‌కు వచ్చాయి. అక్కడ తర్ఫీదైనవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వెళ్ళి సొంత ఏజెన్సీలు పెట్టుకున్నారు. జూలియన్ కోనిగ్, జార్జ్ లోయిస్ 1960లోనే వెళ్ళిపోయారు. మేరీ వెల్స్ 1966లో వెల్స్ రిచ్ గ్రీన్ స్థాపించారు. రచయిత, చిత్రకారుడు జంటగా పనిచేసే పద్ధతి వాళ్ళ వెంట ఊరూరా పాకి, అన్ని ఏజెన్సీలకూ మామూలైపోయింది. 1960ల ఈ మార్పును అమెరికన్లు సృజనాత్మక విప్లవం అంటారు. అనుకరించేవాళ్ళు ఎక్కువమంది హాస్యాన్ని, ఖాళీ పేజీని పట్టుకున్నారు. ఫ్యాక్టరీకి వెళ్ళి రోజులతరబడి కూర్చోవడాన్ని, 90 రోజులు గడువు అడగడాన్ని వదిలేశారు.

1970లు ఏజెన్సీకి కలిసిరాలేదు. ఆర్థికవ్యవస్థ మందగించి క్లయింట్లు మళ్ళీ లెక్కలు, పరీక్షలు అడగడం మొదలుపెట్టారు. ఆల్కా-సెల్ట్జర్ అజీర్తి మందుకు ఏజెన్సీ తీసిన ప్రకటన ఒకటుంది. అందులో నటుడు కారంగా ఉన్న మాంసం ఉండ తింటూ ఒకే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ తప్పుగా పలుకుతుంటాడు, చిత్రీకరణ మళ్ళీ మళ్ళీ మొదలవుతుంది. దేశమంతా నవ్వుకుంది. అయినా ఆ క్లయింట్ చేజారి మేరీ వెల్స్ ఏజెన్సీకి వెళ్ళిపోయాడు. గ్రేలో ఏ పెద్దరికపు చిక్కులకు బెర్న్‌బాక్ భయపడ్డారో అవే ఇప్పుడు తన సొంత సంస్థకే ఎదురయ్యాయి. ఈ దశాబ్దంలో ఆయన రోజువారీ పాలన ఇతరులకు అప్పగించారు.

మనిషిగా ఆయన మ్యాడిసన్ అవెన్యూ ఊహకు అందని రకం. పొట్టిగా, మృదుభాషిగా, ఉద్యోగులంతా భయభక్తులతో చూసే గురువుగా ఆయన సహచరుల జ్ఞాపకాల్లో కనిపిస్తారు. ఎదుటివాడు చెప్పేది కూడా నిజమై ఉండవచ్చు అన్న అర్థం వచ్చే చిన్న కాగితాన్ని జేబులో పెట్టుకుని తిరిగేవారని చెబుతారు. పరిశోధనకు ఆయన శత్రువు కాదు. తెలుసుకోవలసినదంతా తెలుసుకోమనేవారు, కానీ ఆ తెలుసుకున్నది ఆలోచనకు బదులు కాదనేవారు. మంచి ప్రకటన చెడ్డ సరుకును మరింత త్వరగా ముంచుతుంది, ఎందుకంటే ఆ సరుకు చెడ్డదని ఎక్కువమందికి తెలిసిపోతుందని హెచ్చరించేవారు. మనిషి ప్రవృత్తి లక్షల ఏళ్ళుగా పెద్దగా మారలేదు, రచయిత మారే ఫ్యాషన్లను కాక మారని మనిషిని చూడాలి అన్నది ఆయన చివరిదాకా చెప్పిన మాట. ఇవన్నీ పుస్తకంగా రాయమని చాలామంది అడిగినా రాయలేదు. అందుకే అదే రంగంలో ఉండి పుస్తకాలు రాసిన డేవిడ్ ఒగిల్వీ పేరు తెలిసినంతగా సామాన్య పాఠకులకు బెర్న్‌బాక్ పేరు తెలియదు.

1982 అక్టోబర్ 2న న్యూయార్క్‌లో లుకేమియాతో ఆయన మరణించారు. వయసు 71. అప్పటికి ఏజెన్సీ ఏటా చూసే బిల్లింగ్ వంద కోట్ల డాలర్లు దాటింది. 1986లో అది నీడమ్ హార్పర్, బీబీడీఓ సంస్థలతో కలిసి ఆమ్నికామ్ అనే పెద్ద గొడుగు కిందికి చేరింది. డీడీబీ అన్న పొడిఅక్షరాలు ప్రపంచమంతా తెలిసిన పేరయ్యాయి. 1999లో అడ్వర్టైజింగ్ ఏజ్ పత్రిక 20వ శతాబ్దపు ప్రకటనల్లో ఫోక్స్‌వాగన్ థింక్ స్మాల్‌ను మొదటిదిగా, ప్రకటనల రంగ ప్రముఖుల్లో బెర్న్‌బాక్‌ను మొదటివాడిగా నిలిపింది.

ఆ ఏజెన్సీ దారి తర్వాత ఒక తెలుగువాడు కట్టిన సంస్థతోనూ కలిసింది. అప్పటి గుంటూరు జిల్లా వినుకొండలో పుట్టిన ఏ.జి. కృష్ణమూర్తి 1980లో అహ్మదాబాద్‌లో 35 వేల రూపాయలతో, ఒకే ఒక్క క్లయింట్‌తో ముద్రా కమ్యూనికేషన్స్ ప్రారంభించారు. విమల్ వస్త్రాల ప్రకటనలు, రస్నా ప్రకటనలు ఆ సంస్థ నుంచి వచ్చినవే. దశాబ్దం తిరిగేలోపే ముద్రా దేశంలోని పెద్ద ఏజెన్సీల సరసన చేరింది. ప్రకటనల విద్య నేర్పడానికి 1991లో అహ్మదాబాద్‌లోనే మైకా అనే సంస్థనూ ఆయన నెలకొల్పారు. 2011లో ఆమ్నికామ్ ముద్రాలో అధిక వాటా కొనుగోలు చేయడంతో ఆ సంస్థ డీడీబీ ముద్రాగా మారింది.